కోచ్ పక్క కుర్చీ



వృత్తుల గురించి మాట్లాడుకునేటప్పుడు మన నోటికి ముందు వచ్చేవి డాక్టరు, ఇంజినీరు, సివిల్స్. ఈ నెల వాటిని కాస్త పక్కన పెడదాం. బాస్కెట్‌బాల్ కోర్టు అంచున, హెడ్ కోచ్ పక్క కుర్చీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చునే మనిషి గురించి చెప్పుకుందాం. ఆ ఉద్యోగాన్ని అసిస్టెంట్ కోచ్ అంటారు. "మా పిల్లలకు దాంతో పనేముందండీ?" అని మీకు అనిపించవచ్చు. అందుకే ముందు ఒక చిన్న సంగతి చెబుతాను. అందులో తప్పు నాదే.

నేను టీచర్‌గా చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, వేరే బడిలో జరిగిన సంగతి ఇది. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. పేరెంట్స్ మీటింగ్‌కి ఒక నాన్నగారు వచ్చారు. మార్కుల కార్డు మీద సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుంటూ అన్నారు: "మేడమ్, సాయంత్రం అయితే చాలు మావాడు బాస్కెట్‌బాల్ అంటాడు. పోనీ ఆడతాడా అంటే ఆడడండీ. బెంచీ మీద కూర్చుని ఏవో లెక్కలు రాస్తుంటాడు. అదేం ఆటండీ? మీరైనా కాస్త చెప్పండి."

నేను చెప్పాను. చెప్పడమే కాదు, గ్రౌండ్‌లో సమయం వృథా చేయొద్దు అని వాడి డైరీలో ఎర్ర పెన్నుతో రాశాను కూడా. మర్నాటి నుంచి ఆ అబ్బాయి గ్రౌండ్‌కి వెళ్లలేదు.

ఆ ఏడాది చివర మా పీఈటీ సారు ఒక నోట్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మీ క్లాసు వాడిదే మేడమ్, నా దగ్గర ఉండిపోయింది" అన్నారు. తెరిచి చూశాను. ప్రతి మ్యాచ్‌కీ ఒక పేజీ. కోర్టు బొమ్మ గీసి, ఎవరు ఎక్కడి నుంచి బంతి వేశారో, ఎన్ని పడ్డాయో గుర్తులు పెట్టాడు. కింద ఇంగ్లిషులో నాలుగైదు వాక్యాలు. ఏడో నంబరు తన స్నేహితుడికే పాస్ ఇస్తున్నాడు, ఎడమవైపు మనిషి ఖాళీగా ఉన్నా చూడడం లేదు అని ఒక చోట. మూడో క్వార్టర్‌లో మనవాళ్లు అలసిపోతున్నారు, నాలుగో క్వార్టర్‌లో ఓడిపోతున్నది అందుకే అని ఇంకో చోట. నా ఇంగ్లిషు పరీక్షలో అర పేజీ వ్యాసం రాయడానికి తంటాలు పడే పిల్లవాడు రాసిన వాక్యాలవి. అప్పటికే వాడు పదో తరగతికి వేరే ఊరి హాస్టల్‌కి వెళ్లిపోయాడు.

వాడు చేస్తున్న పనికి ఒక పేరుందని, దానికి చదువు ఉందని, జీతం ఉందని, ఎక్కాల్సిన మెట్లున్నాయని అప్పట్లో నాకు తెలియదు. తెలుసుకున్నాక మీకూ చెప్పాలనిపించింది.

అసిస్టెంట్ కోచ్ ఏం చేస్తారు?

బాస్కెట్‌బాల్ జట్టులో సాధారణంగా పన్నెండు మంది ఉంటారు. కోర్టులో ఒకేసారి ఆడేది ఐదుగురే. మిగిలిన ఏడుగురు బెంచీ మీద ఉంటారు. నలభై నిమిషాల ఆటలో ఎవరిని ఎప్పుడు దింపాలి, ఎవరిని ఎప్పుడు పిలవాలి అన్నది హెడ్ కోచ్ నిర్ణయం. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారమంతా సిద్ధం చేసేది అసిస్టెంట్ కోచ్.

మ్యాచ్‌కి ముందు ప్రత్యర్థి జట్టు ఆడిన పాత మ్యాచ్‌ల వీడియోలు చూడాలి. వాళ్లలో ఎవరు ఎడమ చేత్తో డ్రిబుల్ చేస్తారు, ఎవరు దూరం నుంచి బాగా వేస్తారు, కష్టంలో పడితే బంతి ఎవరికి ఇస్తారు అని రాసి, మన ఆటగాళ్లకు అర్థమయ్యేలా పది నిమిషాల్లో చెప్పాలి. మ్యాచ్ జరుగుతున్నప్పుడు ఎవరికి ఎన్ని ఫౌల్స్ పడ్డాయో, ఎన్ని టైమ్ అవుట్లు మిగిలాయో చూసుకోవాలి. ప్రాక్టీసులో ఒక్కొక్కరినీ విడిగా తీసుకుని వాళ్ల లోపం సరిదిద్దాలి. కాలేజీ జట్టయితే ఇంకో పని కూడా ఉంటుంది. పిల్లలు క్లాసులకు వెళుతున్నారా, పరీక్షలు రాస్తున్నారా అని కనుక్కోవాలి. ఓడిపోయిన రోజు రాత్రి హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్న కుర్రాడి దగ్గరికి వెళ్లి మాట్లాడేది కూడా తరచూ ఈ మనిషే.

ఇందులో ఎత్తు ఆరడుగులు ఉండాల్సిన పని ఒక్కటీ లేదు. చూపు ఉండాలి, లెక్క ఉండాలి, మాట ఉండాలి, ఓపిక ఉండాలి.

బెంచీ మీది లెక్కల విద్యార్థి

బాస్కెట్‌బాల్ ఆటే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి చేతిలో పుట్టింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలంలో కుర్రాళ్లకు లోపల ఆడుకోవడానికి ఏదైనా ఆట కావాలని జేమ్స్ నైస్మిత్ అనే ఆయన పీచ్ పళ్ల బుట్టలు బాల్కనీకి కట్టించి దీన్ని మొదలుపెట్టారు. తర్వాత ఆయన కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడి జట్టుకు తొలి కోచ్ అయ్యారు. ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ ఆ జట్టుకే కోచ్ అయ్యారు. అలెన్ దగ్గర ఆడినవాడు డీన్ స్మిత్.

ఈ డీన్ స్మిత్ గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. 1952లో కాన్సాస్ జట్టు అమెరికా కాలేజీల ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు ఆయన ఆ జట్టులో రిజర్వ్ ఆటగాడు. అంటే ఎక్కువ సమయం బెంచీ మీదే. చదివింది గణితం. చదువు అయ్యాక కొంతకాలం తన గురువు అలెన్ దగ్గరే సహాయకుడిగా ఉన్నారు. తర్వాత అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశారు. 1958లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి అసిస్టెంట్ కోచ్‌గా వెళ్లారు. 1961లో, ముప్ఫై ఏళ్ల వయసులో, అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు.

అయిన వెంటనే పూలదండలు పడలేదు. మొదటి సీజన్‌లో గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. 1965లో ఒక ఓటమి తర్వాత విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను వేలాడదీశారు. అయినా విశ్వవిద్యాలయం ఆయన్ని మార్చలేదు. 1997లో రిటైరయ్యేనాటికి ఆయన ఖాతాలో 879 విజయాలు, రెండు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉన్నాయి. మైఖేల్ జోర్డాన్ కాలేజీలో ఆడింది ఈయన దగ్గరే.

గణితం చదివిన మనిషి కాబట్టి ఆయన ఆటను వేరేగా లెక్కపెట్టారు. మ్యాచ్‌లో మొత్తం ఎన్ని పాయింట్లు వచ్చాయి అని ఊరుకోకుండా, బంతి మన చేతికి వచ్చిన ప్రతిసారీ సగటున ఎన్ని పాయింట్లు రాబడుతున్నాం అని చూశారు. ఈ రోజు బాస్కెట్‌బాల్ విశ్లేషణ అంతా ఆ దారిలోనే నడుస్తోంది. నా క్లాసు అబ్బాయి నోట్‌బుక్‌లో గీసుకున్న బొమ్మలు కూడా ఆ దారిలో తొలి అడుగులే.

మంచి ఉద్యోగం వదిలిన అబ్బాయి

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. బ్రాడ్ స్టీవెన్స్ అనే ఆయన 1999లో ఎకనామిక్స్ డిగ్రీ పూర్తి చేసి ఎలీ లిల్లీ అనే పెద్ద మందుల కంపెనీలో ఉద్యోగంలో చేరారు. మన ఇళ్లలో అయితే ఇక సంబంధాలు చూడటమే తరువాయి. మరుసటి ఏడాదే ఆయన ఆ ఉద్యోగం వదిలేసి బట్లర్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ ఆఫీసులో జీతం లేని వాలంటీరుగా చేరడానికి సిద్ధపడ్డారు. అక్కడే కార్యకలాపాలు చూసే చిన్న ఉద్యోగం దొరికింది. 2001లో అసిస్టెంట్ కోచ్ అయ్యారు. ఆరేళ్లు ఆ కుర్చీలోనే ఉన్నారు. 2007లో, ముప్ఫై ఏళ్లకు, హెడ్ కోచ్ అయ్యారు.

బట్లర్ పెద్ద పేరున్న జట్టు కాదు. అయినా 2010లో, 2011లో వరుసగా రెండుసార్లు జాతీయ ఫైనల్‌కి వెళ్లింది. 2010 ఫైనల్లో డ్యూక్ విశ్వవిద్యాలయం చేతిలో 61-59 తేడాతో ఓడింది. చివరి క్షణంలో సగం కోర్టు నుంచి వేసిన బంతి రింగుకు తగిలి బయటికి వచ్చేసింది. 2013లో స్టీవెన్స్‌ని ఎన్‌బీఏ జట్టు బోస్టన్ సెల్టిక్స్ హెడ్ కోచ్‌గా తీసుకుంది.

ఈ కథ చదివి మీ అబ్బాయి రేపే చదువు మానేస్తానంటే దయచేసి నా పేరు చెప్పకండి. స్టీవెన్స్ డిగ్రీ పూర్తి చేశాకే ఈ దారి పట్టారు. చేతిలో చదువు ఉంది కాబట్టే అంత ధైర్యం చేయగలిగారు. స్మిత్ విషయంలోనూ అంతే.

అమెరికా కాలేజీల్లో ఈ మెట్లు ఇలా ఉంటాయి. మొదట స్టూడెంట్ మేనేజర్. అంటే బంతులు, నీళ్లు, స్కోరు షీట్లు చూసుకునే విద్యార్థి. తర్వాత పీజీ చదువుతూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. మన పిల్లలు అక్కడ ఎం.ఎస్. చేస్తూ టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తారు కదా, అలాంటిదే. ఆపైన వీడియో చూసే ఉద్యోగం లేదా కార్యకలాపాలు చూసే ఉద్యోగం, తర్వాత అసిస్టెంట్ కోచ్, అసోసియేట్ హెడ్ కోచ్, చివరికి హెడ్ కోచ్. అందరూ పై మెట్టు దాకా వెళ్లరు. జీవితమంతా మంచి అసిస్టెంట్‌గానే ఉండిపోయేవాళ్లు కూడా చాలామంది. అది చిన్నతనమేమీ కాదు.

మన హైదరాబాదు మాస్టారు

"అవన్నీ అమెరికా కబుర్లు, మన దగ్గర ఎవరున్నారు?" అంటారేమో. ఆట వేరైనా దారి ఇదే అని చూపించిన తండ్రీకొడుకులు హైదరాబాదులో ఉండేవారు.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడి పంతులు. ఉస్మానియాలో చదివి, హైదరాబాదు బళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లలకు ఆటలు నేర్పారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు ఆయన కోచ్‌గా ఉండగా 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

ఆయన కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం గారు 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్టులో ఉన్నారు కానీ మ్యాచ్‌లో దిగే అవకాశం రాలేదు. మళ్లీ అదే బెంచీ! ఆయన అక్కడితో ఆగిపోలేదు. భారత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా ఉద్యోగం చేశారు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ రిఫరీ అయ్యారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీ గారి దగ్గర భారత జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. ఒకే జీవితంలో నెల జీతం ఉద్యోగం, ఆట, రిఫరీ పని, కోచింగ్ అన్నీ ఇమిడాయి.

తండ్రి మాస్టారు, కొడుకు అసిస్టెంట్ కోచ్. ఇద్దరి పేర్లూ భారత ఫుట్‌బాల్ చరిత్రలో నిలిచాయి.

మన రాష్ట్రంలో మెట్లు ఎలా ఉంటాయి?

మన కాలేజీల్లో అసిస్టెంట్ కోచ్ అనే బోర్డు ఉన్న గది సాధారణంగా కనిపించదు. ఆ పనిలో చాలా భాగం ఫిజికల్ డైరెక్టర్ గారే చేస్తారు. వాలీబాల్, కబడ్డీ, బాస్కెట్‌బాల్ అన్నీ ఆయనే చూసుకుంటారు. కాబట్టి మన పిల్లలకు ఈ వృత్తిలోకి రెండు తలుపులున్నాయి. ఒకటి వ్యాయామ విద్య, రెండోది కోచింగ్ డిప్లొమా.

మొదటి తలుపు. ఇంటర్ అయ్యాక రెండేళ్ల యూజీ డీపీఎడ్, లేదా డిగ్రీ అయ్యాక రెండేళ్ల బీపీఎడ్ చేయవచ్చు. వీటికి ప్రవేశం ఏపీ పీఈసెట్ ద్వారా. ఈ పరీక్షకు ఓఎంఆర్ షీటు ఉండదు. పరుగు, గుండు విసరడం, దూకడం లాంటి దేహ పరీక్షలు, ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష పెడతారు. మనకు దగ్గర్లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోనే వ్యాయామ విద్యా కళాశాల ఉంది. బీపీఎడ్‌తో బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు అర్హత వస్తుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు ఉంటే, వాటిలో ఈ పోస్టులు కూడా ఉన్నాయి.

కాలేజీలో పనిచేయాలంటే ఆపైన ఎంపీఎడ్ చేయాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, నెట్ లాంటి అర్హత పరీక్ష లేదా పీహెచ్‌డీ ఉండాలి. కాలేజీ, విశ్వవిద్యాలయ స్థాయి పోటీల్లోనో ఆపై స్థాయిలోనో పాల్గొన్న రికార్డు కావాలి. దేహ దారుఢ్య పరీక్ష కూడా ఉంటుంది. ముప్ఫై ఏళ్ల లోపు పురుషులు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పూర్తి చేయాలి. అంటే పుస్తకం ఒక చేత్తో, బూట్లు ఇంకో చేత్తో పట్టుకుని వెళ్లే ఉద్యోగం ఇది.

రెండో తలుపు పటియాలాలో ఉంది. 1961లో మొదలైన నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ అక్కడ ఏడాది కోచింగ్ డిప్లొమా నడుపుతోంది. మన దగ్గర అందరూ దీన్ని ఎన్ఐఎస్ అంటారు. ఆట చరిత్ర నుంచి శరీర నిర్మాణం, ఆహారం, మానసిక శాస్త్రం, శిక్షణ ప్రణాళిక దాకా నేర్పుతారు. డిగ్రీతో పాటు పోటీల్లో ఆడిన సర్టిఫికెట్లు ఉంటే ఇక్కడ బలం. వేసవిలో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులు కూడా ఉంటాయి. భారత క్రీడా ప్రాధికార సంస్థలో, అంటే సాయ్‌లో, అసిస్టెంట్ కోచ్ అనే పేరుతోనే పోస్టులున్నాయి. ఆపైన కోచ్, సీనియర్ కోచ్ స్థాయిలు. 2021లో సాయ్ 220 అసిస్టెంట్ కోచ్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఈ డిప్లొమా ఉన్నవాళ్లకు అందులో అర్హత ఉంది. ప్రవేశ నిబంధనలు, వయసు పరిమితి ఏటా ప్రకటనలో చూసుకోవాలి.

అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకూ ఇవే తలుపులు. మహిళల జట్టు ఊరు దాటి టోర్నమెంటుకు వెళ్లేటప్పుడు కూడా ఒక మహిళా కోచ్ ఉంటే తల్లిదండ్రులకు ఎంత నిశ్చింతో మీకు నేను చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి

ఫీజు కట్టేది మీరు కాబట్టి ఈ మాట దాచకూడదు. యూజీసీ వేతన స్కేలులో ఫిజికల్ డైరెక్టర్‌కి అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానంగా 57,700 రూపాయల మూల వేతనంతో మొదలవుతుంది. సాయ్ 2021 ప్రకటనలో అసిస్టెంట్ కోచ్ జీతం 41,420 రూపాయల నుంచి మొదలైంది. అయితే సాయ్ పోస్టులు ఒప్పంద పద్ధతిలోవి. రెగ్యులర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ప్రైవేటు బడుల్లో, కాలేజీల్లో, అకాడమీల్లో జీతం సంస్థను బట్టి మారుతుంది. మొదటి కొన్నేళ్లు ఇంట్లోవాళ్లు సర్దుకోవాల్సి రావచ్చు.

పని వేళలు కూడా వేరు. అందరూ నిద్ర లేవకముందే గ్రౌండ్‌లో ఉండాలి. అందరూ ఇంటికి వచ్చాక మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లాలి. దసరా సెలవుల్లో టోర్నమెంటు, సంక్రాంతికి టోర్నమెంటు.

అందుకే నా సలహా ఒక్కటే. దీన్ని చదువుకు బదులుగా కాక, చదువుతో పాటు చూడండి. డిగ్రీలో గణితం, గణాంకశాస్త్రం, బయాలజీ, సైకాలజీ ఏది చదివినా ఈ వృత్తిలో పనికొస్తుంది. ఒకవేళ కోచ్ కాకపోయినా ఫిజియోథెరపీ, క్రీడా గణాంకాలు, క్రీడా పాత్రికేయం, రిఫరీ పని ఆ పక్క వీధుల్లోనే ఉన్నాయి. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో ఫిజికల్ ఎడ్యుకేషన్‌ని ఒక సబ్జెక్టుగా తీసుకునే వీలు కూడా ఉంది.

ఇంట్లో చేయగలిగే ఒక పాఠం

మీ పిల్లల్లో ఈ చూపు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక ఆదివారం చాలు. ఫోనులో ఏదైనా బాస్కెట్‌బాల్ మ్యాచ్ పెట్టండి. తెల్లకాగితం మీద సగం కోర్టు గీయమనండి. ఒక జట్టునే గమనించాలి. ఎక్కడి నుంచి బంతి వేస్తే అక్కడ గుర్తు పెట్టాలి. పడితే సున్నా, పడకపోతే ఇంటూ. పది నిమిషాలు, అంటే ఒక క్వార్టర్, చాలు.

తర్వాత లెక్క. ఎడమ మూల నుంచి 20 వేస్తే 4 పడ్డాయనుకోండి, 20 శాతం. కుడి మూల నుంచి 10 వేస్తే 5 పడ్డాయి, 50 శాతం. ఇప్పుడు అడగండి: "నువ్వు కోచ్‌వైతే ఏం చెబుతావు?" కుడివైపు నుంచి ఎక్కువ వేయమంటానని చాలామంది పిల్లలు అంటారు. మంచిదే. "మరి అవతలి జట్టు కూడా ఇదే లెక్క వేసి కుడివైపు ఇద్దరిని కాపలా పెడితే?" అని ఇంకో ప్రశ్న వేయండి. ఆలోచన అక్కడ మొదలవుతుంది.

ఇంకో లెక్క. దగ్గర నుంచి వేస్తే రెండు పాయింట్లు, గీత బయటి నుంచి వేస్తే మూడు. దగ్గరి నుంచి 100 వేస్తే 45 పడ్డాయి, 90 పాయింట్లు. దూరం నుంచి 100 వేస్తే 33 పడ్డాయి, 99 పాయింట్లు. తక్కువ పడినా ఎక్కువ పాయింట్లు ఎలా వచ్చాయి? ఆరో తరగతి శాతాలు తెలిస్తే చాలు, పిల్లలు దీన్ని విప్పగలరు. చివరగా ఇంగ్లిషు టీచర్‌గా నా వాటా: చూసిన ఆట గురించి వంద పదాల్లో ఇంగ్లిషులో రాయమనండి. తప్పులుంటే ఉండనివ్వండి. నాకు పంపితే ఎర్ర పెన్ను వాడకుండా చదువుతాను.

ఈ పనిలో గంట గడిచినా పిల్లలు లేవకపోతే, మీ ఇంట్లో ఒక చూపు ఉందని అర్థం. పది నిమిషాలకే విసుగొస్తే అదీ మంచి సమాచారమే. అందరూ కోచ్‌లు కానక్కర్లేదు.

చివరిగా ఒక మనవి

గన్నవరంలో ఉంటున్న మనకు విమానాలు ఎక్కేవాళ్లు రోజూ కనిపిస్తారు. విమానం ఎగరడానికి పైలట్ ఒక్కరే సరిపోరని కూడా మనకు తెలుసు. రన్‌వే చూసేవాళ్లు, ఇంధనం నింపేవాళ్లు, టవర్‌లో కూర్చుని దారి చెప్పేవాళ్లు ఉంటేనే అది లేస్తుంది. జట్టు కూడా అంతే. మీ పిల్లలు కోర్టులోని ఐదుగురిలో లేకపోవచ్చు. బెంచీ మీద ఏం చేస్తున్నారో ఒకసారి చూడండి. స్కోరు రాస్తున్నారా, పడిపోయినవాడికి చెయ్యి అందిస్తున్నారా, చిన్న తరగతి పిల్లలకు బంతి పట్టుకోవడం నేర్పుతున్నారా? అదంతా పనే.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కార్డు మీద సంతకం పెట్టాక ఒక్క నిమిషం ఆగండి. "గ్రౌండ్‌లో మావాడు ఏం చేస్తాడండీ? మా అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని క్లాస్ టీచర్‌ని అడగండి. మాకు తెలియకపోతే పీఈటీ సారును పిలిచి మీ ముందే కనుక్కుంటాం. నేనైతే ఈసారి ముందే కనుక్కుని వస్తాను.

ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. దాని అట్ట మీద పేరు, తరగతి, సెక్షన్ రాసి ఉన్నాయి. సబ్జెక్టు అన్న చోట ఏమీ రాయలేదు. ఏం రాయాలో వాడికి ఎవరూ చెప్పలేదు మరి.